సూపర్‌హీరో కామిక్ చివరి సంచిక బాగుందో లేదో ఎలా నిర్ణయించాలి?

కథలోని ముడులన్నీ విప్పిందా అన్న ఒక్క ప్రశ్నతో చివరి సంచికను తూచడం సరికాదని నా అభిప్రాయం. అంతవరకు పాఠకుడి కంటికి నేర్పిన అలవాటును అది ఏం చేసిందో కూడా చూడాలి. అలన్ మూర్ రాయగా డేవ్ గిబ్బన్స్ బొమ్మలు వేసిన ‘వాచ్‌మెన్’ 12వ సంచిక (1987) ఇందుకు చక్కని ఉదాహరణ. పేజీకి తొమ్మిది గళ్ల చట్రానికి పదకొండు సంచికలుగా అలవాటు పడిన మనకు, ఇక్కడ మొదటి ఆరు పేజీల్లోనూ పేజీకొక్క నిండు బొమ్మే ఎదురవుతుంది. న్యూయార్క్ వీధుల్లో శవాలు, నెత్తురు, అర్ధరాత్రి చూపే గడియారం తప్ప ఒక్క సంభాషణ కూడా ఉండదు. ఈ మారణహోమం వెనుక ఉన్న నిజాన్ని దాచాలా వద్దా అని తరువాతి పేజీల్లో సాగే వాదనకు బరువు ఆ నిశ్శబ్దం నుంచే వస్తుంది. యుద్ధాన్ని ఆపేందుకు ఓ కృత్రిమ రాక్షసజీవితో నగరాన్ని నాశనం చేసే కథలోని ఉపాయం నమ్మశక్యంగా లేదన్న ఆక్షేపణలో కొంత న్యాయం ఉంది. అయితే చివరి పేజీలో పత్రికా కార్యాలయ ఉద్యోగి సీమోర్ చొక్కాపై ఉన్న పసుపు నవ్వుముఖం మీద కెచప్ మరకను చూపి, తొలి సంచికలో బ్యాడ్జీపై పడిన నెత్తుటి చారను గుర్తుచేయడం అద్భుతం. ముసుగు వీరుడు రోర్షాక్ తన అనుమానాలు రాసి ఆ పత్రికకు పంపిన డైరీ అచ్చవుతుందో లేదో చెప్పకపోవడాన్ని నేను లోపంగా లెక్కించను, ఎందుకంటే అంతకుముందే ఏదీ ఎప్పటికీ ముగియదని అతీతశక్తులున్న పాత్ర డాక్టర్ మన్‌హాటన్ చెప్పి వెళ్లాడు.