గురజాడ ఇంటికని బయల్దేరి యూనివర్సిటీ గేటు దగ్గర తేలినవారికి

విజయనగరంలో గురజాడ ఇల్లు చూద్దామని వెళ్తే వేరే చోట తేలామని, ఆదివారం పిల్లలతో మళ్ళీ వెళ్తామని, బాబు ప్రాజెక్టులో ఆ ఇంటి గురించి రాయాలని అన్నారు కదా. మ్యాప్‌లో ఉత్త ‘గురజాడ’ అని కొట్టి ఉంటారు. అందుకే ఆటో మిమ్మల్ని యూనివర్సిటీ గేటు ముందు దింపేసింది. విజయనగరం జేఎన్‌టీయూకి ఆయన పేరే, విశాఖ సిరిపురంలో కళాక్షేత్రానికీ ఆయన పేరే. మన వైపు ఆ పేరు పెట్టనిదేదీ లేదు లెండి.

1. ‘గురజాడ అప్పారావు ఇల్లు, విజయనగరం’ అని పూర్తిగా వెతకండి. ఎర్ర గుర్తు కింద ఉన్న పేరు చివరిదాకా చదివాకే బండెక్కండి.

2. ఆటో బాబుకి "కోట వైపు, గురజాడ వారి ఇల్లు" అని చెప్పండి. ‘గురజాడ’ అని ఊరుకుంటే మళ్ళీ యూనివర్సిటీకే.

3. చాలామంది వదిలేసేది ఇదే: తలుపు తీసి ఉంటుందా అని ముందే కనుక్కోవడం. కౌంటరు, గైడు ఉండే పెద్ద మ్యూజియంలా ఊహించుకోకండి, అది పాతకాలపు ఇల్లు. పిల్లల్ని తీసుకుని ఆదివారం వెళ్తామన్నారు కదా, ముందురోజే ఊళ్ళో తెలిసినవాళ్ళని ఒకసారి అటు పంపి అడిగించండి. సెప్టెంబర్ 21 జయంతి, నవంబర్ 30 వర్ధంతి. ఆ రోజుల్లో దండలు, ఉపన్యాసాలు, హడావిడి. తీరిగ్గా చూడాలంటే వేరే రోజు మేలు.

4. మీ బాబు ప్రాజెక్టులో ‘చిన్నప్పటి ఇల్లు’ అని రాయించకండి. ఆయన 1862లో పుట్టింది ఎస్.రాయవరంలో, ఇప్పుడది అనకాపల్లి జిల్లా. మొదటి చదువు చీపురుపల్లిలో. విజయనగరం వచ్చింది ఆ తర్వాతే, 1915లో కన్నుమూసిందీ ఇక్కడే.