గాల్‌బ్లాడర్ తీసేశాక కూడా రాళ్లా?

ప్రశ్న: మా అమ్మ వయసు 52. ఐదేళ్ల కిందట రాళ్లున్నాయని గాల్‌బ్లాడర్ తీసేశారు. ఏడాదిగా రెండు మూడు నెలలకోసారి చలిజ్వరం, పొట్ట పైభాగంలో నొప్పి. ఎమ్మార్సీపీ (పైత్యరస నాళాలను చూపే ఎమ్మారై స్కాన్) తీస్తే కాలేయం ఎడమ వైపు నాళాల్లో రాళ్లున్నాయట. ఆ పక్క కాలేయాన్నే కోసి తీసేయాలంటున్నారు. రాళ్లు మాత్రం తీస్తే సరిపోదా? మందులతో కరగవా?
– ఓ పాఠకుడు, గుంటూరు

జవాబు: గాల్‌బ్లాడర్ పైత్యరసం నిల్వ ఉండే సంచి మాత్రమే. ఆ రసం తయారయ్యేది కాలేయంలో. అక్కడి సన్నటి నాళాల్లో ఇరుకు ఏర్పడితే రసం నిలిచిపోయి, బ్యాక్టీరియా చేరి, గోధుమ రంగు రాళ్లు కడతాయి. వేళ్లతో నలిపితే పొడైపోయేంత మెత్తన. అయినా మందులకు కరగవు. కొండపిండి కషాయం, పసరు మందులు అంటూ నెలలు గడిపి, కళ్లు పచ్చబడ్డాక వచ్చేవాళ్లను చూస్తూనే ఉంటాను. మీరు ఆ దారి పట్టకండి.

అసలు చిక్కు రాళ్లు కాదు, ఆ ఇరుకు. కాలువ కింద సేద్యం చేసేవాళ్లకు చెప్పక్కర్లేదు, తూము దగ్గర ఇరుకును వదిలేసి పూడిక తీస్తే మళ్లీ మేట వేస్తుంది. ఈఆర్‌సీపీలో నోటి ద్వారా గొట్టం పంపి ప్రధాన నాళంలోని రాళ్లను లాగేస్తాం. కాలేయం లోపలి కొమ్మల్లో, ఇరుకుకు అవతల ఉన్నవి అందడం కష్టం. రాళ్లు ఒక పక్కకే ఉండి, ఆ భాగం కుంచించుకుపోయి ఉంటే ఇరుకుతో సహా తీసేయడమే మేలు. ఏళ్ల తరబడి వాచిన నాళాల్లో కొందరికి క్యాన్సర్ కూడా వస్తుంది. రెండు వైపులా రాళ్లుంటే లెక్క వేరు.

కాలేయం తీస్తే ఎలా అన్న టెన్షన్ వద్దు. ఎడమ భాగమంతా కలిపినా సుమారు మూడో వంతే. కుడి భాగం బాగుంటే కొన్ని వారాల్లో పెరిగి ఆ పనీ అందుకుంటుంది. కోసిన చోట పైత్యరసం కారే అవకాశం ఉంది కాబట్టి కొన్నాళ్లు డ్రెయిన్ గొట్టం ఉంచుతారు. రాళ్లు మళ్లీ రావని మాట ఇవ్వలేం, తర్వాత కూడా స్కాన్‌లు తప్పవు.

జ్వరం ఉండగా ఆపరేషన్ చేయరు. ముందు యాంటీబయాటిక్స్‌తో ఇన్ఫెక్షన్ తగ్గిస్తారు. ఈలోగా వణుకుతో జ్వరం, నొప్పి, కళ్లు పచ్చబడటం కలిసి వస్తే తెల్లారేదాకా ఆగకండి, రాత్రయినా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. సర్జన్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఐదేళ్ల కిందటి డిశ్చార్జ్ కాగితాలు, స్కాన్ ఫిల్ములు పట్టుకెళ్లండి. నాళాలు అప్పటికే వాచి ఉన్నాయేమో వాటిలో తెలుస్తుంది.