చంద్రుడి దాకా జీపీఎస్: అమ్మాయిని ఏ బ్రాంచిలో చేర్చాలి?

ప్రశ్న: మాది అంతర్వేది. చేపల బోటు ఉంది. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. చంద్రుడి మీద జీపీఎస్ పనిచేసిందని చదివి, ఆ పనే చేస్తానంటోంది. బంధువులంతా కంప్యూటర్ సైన్స్ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మాయి చదివింది నిజమేనండి. 2025 మార్చి 2న బ్లూ ఘోస్ట్ ల్యాండర్ చంద్రుడి మీద దిగింది. మర్నాడే అందులోని లుగ్రే అనే రిసీవర్ జీపీఎస్ సంకేతాలనూ, యూరప్‌వారి జీపీఎస్ లాంటి గెలీలియో సంకేతాలనూ అందుకుంది. నాసా, ఇటలీ అంతరిక్ష సంస్థ కలిసి చేసిన ప్రయోగమది.

ఇందులో కష్టం ఎక్కడుందో బోటు నడిపే మీకు ఇట్టే తెలుస్తుంది. రేవుకు తిరిగొచ్చేటప్పుడు ఒక పక్క లైట్‌హౌస్, దానికి దూరంగా మరో ఆనవాలు కనిపిస్తే ఎక్కడున్నారో పోల్చుకుంటారు. రెండూ పక్కపక్కనే ఉంటే లెక్క తప్పుతుంది. చంద్రుడి నుంచి చూస్తే జీపీఎస్, గెలీలియో ఉపగ్రహాలన్నీ, భూమితో సహా, చాచిన చేతి పిడికిలి వెనక దాగిపోతాయి. పైగా వాటి యాంటెనాలు చూసేది భూమి వైపు. భూమికి అవతలి ఉపగ్రహాల నుంచి భూమి అంచు పక్కగా జారిపోయిన సంకేతాలు, యాంటెనాల పక్కలనుంచి కారే కాస్తా చంద్రుడికి దక్కుతాయి. ఆ నీరసపు సంకేతాన్ని రొదలోంచి ఏరి, స్థానం లెక్క తేల్చడమే ఈ పని.

అందుకే నా ఓటు ఈసీఈకి, అంటే ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ ఇంజినీరింగ్‌కి. రాకెట్ల మోజుతో ఏరోస్పేస్ వద్దు. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో మంచి ర్యాంకు వస్తే తిరువనంతపురం ఐఐఎస్‌టీ అనే అంతరిక్ష విద్యాసంస్థలో ఏవియానిక్స్ ఉంది, అదీ ఈసీఈ లాంటిదే. రాకపోతే కాకినాడ జేఎన్‌టీయూలో ఈసీఈ చదివినా తక్కువేమీ కాదు. సంభావ్యత, మాత్రికలు మాత్రం పరీక్ష కోసం బట్టీ పట్టకూడదు. కంప్యూటర్ సైన్సులో చేరినా దారి మూసుకుపోదు, సిగ్నల్ ప్రాసెసింగ్ తనే నేర్చుకోవాలి, అంతే. తర్వాత పరిశోధన చేయాలనుకుంటే హైదరాబాద్‌లో ఉస్మానియావారి ‘నెర్టు’ అనే పరిశోధన కేంద్రం కూడా ఈ రంగంలోదే.

చంద్రుడి పేరు చెప్పి ఉద్యోగాలిచ్చేవారు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. కానీ ఇదే విద్య మన దేశపు జీపీఎస్ లాంటి నావిక్‌కు, డ్రోన్లకు, భూముల సర్వేకు కావాలి. ఆకలికి భయం లేదు.

ఈ ఆదివారం ఒక పని చేయించండి. బోటు జీపీఎస్ ఊడదీయడానికి వీలైతే అది, లేదంటే ఫోను, డాబా మీద కదలకుండా పెట్టమనండి. పది నిమిషాలకోసారి అక్షాంశ రేఖాంశాల అంకెలు రాయమనండి. పరికరం కదలదు, చివరి అంకెలు మారుతుంటాయి. ఎందుకని తనంతట తానే మిమ్మల్ని అడిగితే నాకు మళ్లీ రాయండి.