తెరచాప పడవకు షాకిల్ ఎంచుకునేటప్పుడు ముందు చూడవలసింది లాగుడు దిశ

షాకిల్ అంటే తాళ్లను, గొలుసులను తగిలించే U ఆకారపు లోహపు కొక్కెం, దాని రెండు కాళ్ల మధ్య మర ఉన్న పిన్ను బిగిస్తారు. తెరచాపను పైకి ఎత్తే హాల్యార్డు తాడుకు, పెద్ద తెరచాపను అదుపు చేసే మెయిన్‌షీటు తాడు కప్పీకి, ముందు తెరచాప అయిన జిబ్ మూలకు, లంగరుకు కూడా ఒకే రకం 6 మిల్లీమీటర్ల డి షాకిళ్లు (ఇరుకైన D ఆకారంవి) డజను కొంటే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. నేనూ మొదట అలాగే కొన్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

హుస్సేన్ సాగర్‌లో చిన్న పడవల మీద నేర్చుకున్న నేను, తరువాత అమెరికాలోని చీసపీక్ అఖాతంలో 22 అడుగుల పాత పడవ ఒకటి కొనుక్కున్నాను. దాని బూమ్ (పెద్ద తెరచాప అడుగు అంచును పట్టి ఉంచే అడ్డ కర్ర) కింది కప్పీకి డి షాకిల్ వేశాను. గాలి వెనుక నుంచి వచ్చి బూమ్ బాగా పక్కకు తెరుచుకున్నప్పుడల్లా కప్పీ పక్కకు లాగేది, ఇరుకైన షాకిల్ దానితో పాటు తిరగలేక ఒక కాలి మీదే బరువు మోసేది. మూడో ఏడాది శీతాకాలంలో విప్పబోతే పిన్ను కదల్లేదు. వేలితో తడిమితే మధ్యలో విల్లులా వంగి ఉంది, ఒక కాలు బయటికి విచ్చుకొని ఉంది, మరలో రెండు చుట్ల పట్టు మాత్రమే మిగిలింది. చివరికి రంపంతో కోశాను. అది గాలిలో ఊడి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది.

షాకిల్ మీద చెక్కిన బరువు తిన్నగా లాగినప్పటి లెక్క. 45 డిగ్రీల వాలులో పక్కకు లాగితే అందులో 30 శాతం, 90 డిగ్రీలలో సగం తగ్గించుకోవాలని తయారీదారులే చెబుతారు. అందుకే లాగుడు దిశ మారుతూ ఉండే చోట పొట్ట వెడల్పుగా ఉండే బో షాకిల్ వేయాలి. అదే మందంలో డి కన్నా దాని బలం సాధారణంగా కొంచెం తక్కువే కనుక అవసరమైతే ఒక సైజు పెంచండి. ఒకే దిశలో లాగే హాల్యార్డుకు డి చాలు, అయితే పిన్ను ఊడి నీళ్లలో పడని రకం తీసుకోండి. రింగు లాగితే తెరుచుకునే స్నాప్ షాకిల్‌ను స్పినేకర్‌కే (వెనుక గాలికి ఎత్తే బుడగలాంటి ముందు తెరచాపకే) ఉంచండి, ఎందుకంటే తెరచాప టపటపా కొట్టుకునేటప్పుడు దాని రింగు దేనికైనా తగులుకొని తెరుచుకోవచ్చు. జిబ్ షీట్లకు (జిబ్‌ను అదుపు చేసే తాళ్లకు) నేను డైనీమా అనే బలమైన కృత్రిమ తాడుతో అల్లిన సాఫ్ట్ షాకిల్ వాడుతున్నాను, అది తలకు తగిలినా లోహంలా గాయం చేయదు. పదునైన అంచులున్న చోట మాత్రం దానిని వాడకూడదు.

పొట్లం మీద రాసింది పని భారమా (వాడుకలో మోయించదగినది), తెగే భారమా అన్నది తప్పక చూడండి, రెండింటికీ కొన్ని రెట్ల తేడా ఉంటుంది. మాస్ట్‌ను (తెరచాప స్తంభాన్ని) నిలబెట్టే స్టేలు అనే వైర్ల దగ్గర షాకిల్ తెగే భారం ఆ వైరుది కన్నా తక్కువ ఉండకూడదు. ఉప్పునీటికి 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలే తీసుకోండి. జింకు పూత లంగరు గొలుసుకు మాత్రం జింకు పూత షాకిలే వేయాలి, స్టెయిన్‌లెస్ తగిలిస్తే ఆ చోట పూత త్వరగా తినేస్తుంది.

బిగించే ముందు మరకు లానోలిన్ (గొర్రె ఉన్ని నుంచి తీసే జిడ్డు) రాస్తే స్టెయిన్‌లెస్ పిన్ను పట్టేయదు. కదిలే తాడు పిన్ను తలకు రాసుకోకుండా షాకిల్‌ను తిప్పి పెట్టండి, లేకపోతే ఆ తాడే పిన్నును విప్పేస్తుంది. చివరగా పిన్ను తలలోని రంధ్రం నుంచి సన్నని స్టీలు తీగ దూర్చి, కాలి చుట్టూ రెండు చుట్లు తిప్పి, కొసలను చేతికి గుచ్చుకోకుండా లోపలికి మడవండి. మీ మెయిన్ తెరచాప తలలోని రంధ్రం ఎన్ని మిల్లీమీటర్లో కొలిచి రాస్తే, అందులో ఏ పిన్ను పడుతుందో చెప్పగలను.