బెలుం గుహలకు పిల్లలతో పోతున్న లావణ్యకు

చి. ల. సౌ. లావణ్యకు పెద్దనాయన ఆశీర్వదించి రాయునది.

దసరా సెలవుల్లో పిల్లల్నీ మీ అత్తమ్మనీ తీసుకుని బెలుం గుహలకు పోతున్నారని మీ నాయన ఫోన్లో చెప్పినాడు. పిల్లలకు భూమి లోపల ఎట్లుంటుందో చూపించాలని నీకు తోచింది చూడు, అందుకు నాకు గర్వంగానే ఉంది. అయితే మీ నాయన ఇంకో మాట కూడా అన్నాడు. పొద్దున ఆరింటికి తిరుపతిలో కారెక్కి, మధ్యాహ్నం గుహలు చూసుకుని, పొద్దుగూకే వేళకు గండికోట చేరతారంట. అది విన్నప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. ఫోన్లో చెప్తే "సరే పెద్దనాయనా, సరే" అని సగంలో పెట్టేస్తావు. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఆ వరస తిప్పెయ్యి. మొదటి రోజు గండికోట, రెండో రోజు పొద్దున గుహలు. కోడూరు, రాజంపేట, కడప, జమ్మలమడుగు మీదుగా బెలుం చేరేసరికి ఎంత తక్కువన్నా ఐదు గంటలు. పిల్లలతో ఆగుతూ పోతే ఆరు. అంటే సరిగ్గా ఎండ నెత్తి మీద ఉన్నప్పుడు, కారులో నలిగిపోయి, కడుపు నిండా అన్నం తిని మీరు గుహలోకి దిగుతారు. దానికంటే చెడ్డ సమయం లేదు. దారిలో ఒంటిమిట్టలో ఓ గంట ఆగండి, పిల్లలు కాళ్లు చాపుకుంటారు, మీ అత్తమ్మకు రాముడి దర్శనమూ అవుతుంది. సాయంత్రం గండికోట చూసి, రాత్రికి అక్కడే టూరిజం వాళ్ల హరిత హోటల్లో గానీ, జమ్మలమడుగులో గానీ పడుకోండి. రూము ముందే చెప్పి పెట్టుకో, సెలవుల్లో దొరకదు. గండికోట లోయ అంచున చాలాచోట్ల అడ్డుగోడ లేదు. పెద్దోడి చెయ్యి అల్లుడు వదలకూడదు, అల్లుడు ఫోను పట్టుకుని వెనక్కి నడవకూడదు. మర్నాడు తెల్లారి బయలుదేరితే గుహలు తెరిచే వేళకు మీరు టికెట్టు దగ్గరుంటారు. మామూలుగా పదింటికి తెరుస్తారు, అయినా ముందురోజు కనుక్కో. తొలి గంటలో జనం తక్కువ, లోపల గాలీ బాగుంటుంది.

గుహ అంటే చల్లగా ఉంటుందని అందరూ అనుకుంటారు. నువ్వు పిల్లలకు స్వెట్టర్లు సర్దుతున్నావని విని నవ్వొచ్చింది. లోతైన గుహలో గాలి ఏ కాలంలో అయినా ఆ ప్రాంతపు ఏడాది సగటు వేడి దగ్గరే నిలుస్తుంది. బొర్రా గుహలు అరకు దగ్గర కొండల మీద ఉన్నాయి కాబట్టి చల్లగా ఉంటాయి. బెలుం ఉండేది రాయలసీమ మైదానంలో. మన సీమ సగటు ఎంతో నీకు తెలుసు కదా! పైగా లోపలి గాలి తేమతో నిండిపోయి ఉంటుంది, చెమట కారుతుందే కానీ ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడేది. కాబట్టి పలచని నూలు బట్టలే వెయ్యి, మోకాళ్లు కప్పేటట్టు. బయటి గాలిని లోపలికి తోసే గొట్టాలు అక్కడక్కడా ఉంటాయి. ఆగాలనిపిస్తే వాటి దగ్గరే ఆగండి.

ఇప్పుడు అసలు సంగతి. కుటుంబాలతో పోయేవాళ్లు ఏళ్ల తరబడి చేస్తున్న తప్పు ఒకటుంది. "ఇంత దూరం వచ్చినాం, పాతాళగంగ చూడకుండా పోతామా" అని అందరూ కలిసి అడుగు దాకా దిగుతారు. ముసలమ్మ, చంకలో బిడ్డ, అందరూ. పాతాళగంగ అంటే గుహల అట్టడుగున ఉన్న చిన్న నీటి పాయ, గుహ ద్వారం మట్టం నుంచి 46 మీటర్ల లోతున ఉంది. పదిహేను అంతస్తుల మేడ ఎత్తు అది. దిగేటప్పుడు ఏమీ అనిపించదు, అక్కడే మోసం. దిగడం కష్టంగా ఉంటే ఎవరైనా సగంలో ఆగుతారు, సులువుగా ఉంది కాబట్టే ఆగరు. ఆ లోతంతా మళ్లీ ఎక్కాల్సింది అప్పటికే చెమటతో తడిసిన ఒంటితో, ఆరని గాలిలో, ముందు నలుగురు వెనక నలుగురు ఉన్న ఇరుకు దారిలో. మధ్యలో కూర్చుందామంటే చోటుండదు. ఒకరు ఆగితే వెనకాల అందరూ ఆగిపోతారు, అంతమంది ఊపిరీ అక్కడే పోగవుతుంది. మనం వదిలే గాలి కదలిక లేని పల్లపు చోట్ల నిలుస్తుంది కాబట్టి ఆయాసం కింద ఎక్కువ. శ్రమ లేకుండానే ఊపిరి వేగంగా ఆడుతున్నా, తల బరువెక్కినా ఇంకో అడుగు కిందికి వెయ్యకూడదు, అంతే.

పెద్దవాళ్లు నోరు తెరిచి చెప్తారు. చిన్నది చెప్పలేదు. మూడేళ్ల పిల్లకు ఒళ్లు త్వరగా వేడెక్కుతుంది. మొదట బుగ్గలు ఎర్రబడి చిరాకు పడుతుంది, తర్వాత ఏడుస్తుంది. నువ్వు భయపడాల్సింది ఏడ్చినప్పుడు కాదు. ఏడుపు మానేసి భుజం మీద వాలిపోయినప్పుడు. "నిద్రపోయింది పాపం" అని చాలామంది తల్లులు ఊరుకుంటారు. అట్ల అనుకోవద్దు, వెంటనే పైకి తీసుకురా. నా మాట కఠినంగా ఉందనుకుంటే అనుకో తల్లీ.

ఇంతా చెప్పేది పోవద్దని కాదు. ఎవరెంత లోతుకు పోతారో టికెట్టు కొనేటప్పుడే తేల్చుకోండి, లోపల నిలబడి తేల్చుకోవద్దు. లోపల అయితే ఉత్సాహమే గెలుస్తుంది. నా లెక్క ఇది. ద్వారం దగ్గర మెట్లు దిగినాక దారి దాదాపు సమంగా సాగుతుంది. ధ్యాన మందిరం ద్వారానికి దగ్గర్లోనే ఉంది, అక్కడి దాకా అందరూ కలిసి పోండి. మీ అత్తమ్మ అక్కడి నుంచి ముందుకు వద్దు. మోకాళ్లు ఎక్కేటప్పుడు కంటే దిగేటప్పుడే ఎక్కువ బాధ పెడతాయి, ఆమె బయటికి చెప్పదు. నువ్వు, చిన్నది ఆమెతో ఉండండి. అల్లుడు, పెద్దోడు పాతాళగంగ దాకా పోయి రానీ. వాళ్లు తిరిగొచ్చినాక చిన్నదాన్ని అల్లుడికి అప్పజెప్పి, నువ్వు శివలింగాల్లాంటి రాళ్లుండే కోటిలింగాలు, పాము పడగల్లాంటి రాళ్లుండే వేయిపడగలు చూసి రా. గైడును తోడు తీసుకో. నీకు కూడా చూడాలని ఉంటుంది, అది నాకు తెలీదా? చిన్నప్పుడు శ్రీవారి మెట్టులో అందరికంటే ముందు ఉరికింది నువ్వే కదా.

లోపల ఫోన్లు పని చెయ్యవు. అందుకని చేతి గడియారంతో సమయం పెట్టుకోండి, "గంటలో వస్తాం" అంటే గంటే. వాళ్లు రాకపోతే మీరు వెతకడానికి లోపలికి పోవద్దు. పైకి వచ్చి కౌంటరు దగ్గర మనుషులకు చెప్పండి. ఒకరిని వెతకబోయి ఇద్దరు తప్పిపోతే పని రెండింతలవుతుంది.

దీపాల గురించి. లోపల కరెంటు దీపాలుంటాయి, పోతే పోవచ్చు కూడా. గుహ చీకటి మన ఊరి రాత్రి లాంటిది కాదు. కాసేపటికి కళ్లు అలవాటు పడతాయనుకుంటాం, కానీ అలవాటు పడడానికైనా కాస్త వెలుతురుండాలి, అక్కడ చుక్క కూడా ఉండదు. కాబట్టి దీపాలు ఆరిపోతే ఎక్కడివాళ్లు అక్కడే నిలబడి, చేతులు పట్టుకుని, నీ దీపం వెలిగించు. తలకు కట్టుకునే హెడ్‌లైట్లు పెద్దవాళ్లకు తలా ఒకటి ఉండాలి, చేతులు ఖాళీగా ఉంటాయి. ఫోను టార్చిని నమ్ముకోవద్దు. పెద్దోడి మెడలో చిన్న టార్చి, ఒక ఈల వెయ్యి. తప్పిపోతే నడవకుండా నిలబడి మూడుసార్లు ఊదమని ఇంట్లోనే నేర్పు.

చెప్పులు వద్దు. రబ్బరు అడుగున్న బూట్లే వెయ్యండి, తడిసిన సున్నపురాయి జారుతుంది. చిన్నదాన్ని భుజాల మీద ఎక్కించుకోనివ్వొద్దు, వీపు సంచీలోనూ వద్దు. పైకప్పు వంగినచోట పెద్దవాళ్లు తల వంచుకుంటారు, వీపు మీది బిడ్డ తల రాయికి తగులుతుంది. ఎత్తుకోవాల్సి వస్తే ఎదురుగా ఎత్తుకుని, నీ అరచెయ్యి దాని తల మీద పెట్టు.

నీళ్లు పెద్దవాళ్లకు తలా ఒక లీటరు, పిల్లలకు అర. అందులో సగం దిగకముందే తాగించు, తర్వాత బాత్‌రూముకు పంపించు. లోపల ఆ సౌకర్యం లేదు. మీ అత్తమ్మ వేసుకునే బీపీ బిళ్లల్లో ఒంటేలు ఎక్కువ చేసేది ఉందేమో డాక్టరును ఒక మాట అడుగు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లు రాసుంటే అన్నిట్లోనే కలుపు. తక్కువ నీళ్లలో చిక్కగా కలిపితే పిల్లకు మేలు చెయ్యకపోగా కీడు చేస్తుంది. ఇంకొకటి, కారులో ఏసీ చల్లదనం నుంచి నేరుగా దిగితే మీ అత్తమ్మ కళ్లద్దాలూ మీ ఫోను కెమెరాలూ ఆవిరి పట్టిపోతాయి. బెలుం చేరడానికి పావుగంట ముందే ఏసీ ఆపెయ్యండి.

దసరా అంటే ఆ పక్క వానల కాలం. సున్నపురాయి నేల మీద పడిన వాన పగుళ్లలోంచి నేరుగా కిందికి దిగుతుంది. రెండు రోజులు గట్టిగా కురిసి ఉంటే పాతాళగంగ మాట ఎత్తవద్దు. అక్కడివాళ్లు మూసేస్తే బతిమాలొద్దు కూడా.

పెద్దోడు ప్రశ్నలు అడిగే రకం కదా, వాడికి ఇది చెప్పు. మన తిరుమల కొండలు క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి. శిలాతోరణం కూడా అదే. ఆ రాయి నీటికి కరగదు, అందుకే మన దగ్గర బెలుం లాంటివి లేవు. బెలుం సున్నపురాయి. వాన నీళ్లు గాలిలోంచి, మట్టిలోంచి కార్బన్ డయాక్సైడును కలుపుకుని పలచని ఆమ్లంగా మారి దాన్ని కరిగిస్తాయి. మీ వంటింటి గట్టు కడప బండే కదా, అదీ సున్నపురాయే. పనికిరాని ముక్క మీద నిమ్మరసం చుక్క వేసి కాసేపుంచి తుడవమను, మచ్చ పడుతుంది. గుహ తయారైన విధం వాడికి అక్కడే అర్థమవుతుంది. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త ఈ గుహల గురించి రాసినాడు. 1982, 83లలో జర్మన్లు వచ్చి లోపల కొలిచినారు. మొత్తం 3,229 మీటర్లు, మనల్ని పోనిచ్చేది అందులో సగం, ఒకటిన్నర కిలోమీటరు దాకా. మిగతా సందుల్లోకి వాణ్ని దూరనివ్వొద్దు.

సప్తస్వరాల గుహలో రాళ్లను కొడితే గంట మోగినట్టు మోగుతాయి. జనం కొడతారు కూడా. మన పిల్లలు కొట్టకూడదు. వందేళ్లకు అంగుళం కూడా పెరగని రాయి అది. చేతి జిడ్డు అంటినచోట నీటి చుక్క సరిగా పట్టదు, పెరుగుదల ఆగిపోతుంది, నల్ల మచ్చ మాత్రం మిగులుతుంది. గబ్బిలాలు కనిపిస్తే వెలుతురు వెయ్యకుండా పక్కకు రండి.

బయటికి వచ్చినాక వెంటనే కారెక్కొద్దు. నీడలో అరగంట కూర్చుని, పొడి బట్టలు మార్చి, ఏదైనా తిని బయలుదేరండి. మీ అత్తమ్మకు లోతు చూడలేదని వెలితి లేకుండా, అవుకు, బనగానపల్లె మీదుగా యాగంటికి తీసుకుపో. అక్కడా కొండ గుహలున్నాయి, మెట్లు మాత్రం నిటారు. వద్దంటే ఆమె కోనేటి గట్టున కూర్చుంటుంది, మీరు ఎక్కి రండి.

రెండు హెడ్‌లైట్లు నా దగ్గరున్నాయి. కొత్త సెల్లులు వేసి మీ నాయన చేత పంపిస్తా. మూడోది నువ్వు కొను, వాన మాట నేను ముందురోజు రాత్రి అడుగుతా.

ఇట్లు,
నీ పెద్దనాయన,
చిత్తూరు.