పన్ను తీసిన చోట స్టెమ్ సెల్స్ పెడతామంటున్నారు, పెట్టించుకోవాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. మా అమ్మకి 58 ఏళ్లు, షుగర్ ఉంది. కింది దవడలో ఒక పన్ను తీసేసి తర్వాత ఇంప్లాంట్ పెట్టాలన్నారు. తీసిన గుంటలో స్టెమ్ సెల్స్ పెడితే పుండు తొందరగా మానుతుంది, ఎముక కూడా తగ్గదు అని చెప్తున్నారండి. అమ్మ చేతిలోంచి రక్తం తీసి మిషన్‌లో తిప్పి అప్పటికప్పుడే పెట్టేస్తారంట. నిజంగా పనిచేస్తుందా? షుగర్ ఉన్నవాళ్లకి ఏమన్నా ప్రమాదమా?

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి చూస్తే అమ్మగారికి పెడతామంటున్నది స్టెమ్ సెల్స్ కాదండీ, దాన్ని పీఆర్ఎఫ్, అంటే ప్లేట్‌లెట్ రిచ్ ఫైబ్రిన్ అంటారు. చేతి నుంచి కొంచెం రక్తం తీసి సెంట్రిఫ్యూజ్‌లో ఒక పది పన్నెండు నిమిషాలు తిప్పితే ఎర్రకణాలు అడుక్కి పోయి వాటి పైన పసుపురంగు జెల్లీ ముద్ద ఒకటి తయారవుతుంది, దాన్ని గుంటలో పెట్టి కుట్టు వేస్తారు. ఫ్రాన్స్‌లో జోసెఫ్ షుక్రూన్ అనే డాక్టర్ 2001లో బయటపెట్టిన పద్ధతి ఇది. ఆ ముద్దలో ఉండేది ఫైబ్రిన్ వల (రక్తం గడ్డకట్టేటప్పుడు అల్లుకునే పోగులు), ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు, వాటి నుంచి కొన్ని రోజులపాటు మెల్లగా బయటికొచ్చే గ్రోత్ ఫ్యాక్టర్లు (కణాల్ని పెరగమని ప్రేరేపించే పదార్థాలు). సొంత రక్తమే కాబట్టి పడకపోవడం లాంటి భయం లేదు, జ్ఞానదంతం తీసాక నొప్పి, డ్రై సాకెట్ (గుంటలో రక్తపు గడ్డ ఊడిపోయి నొప్పి రావడం) కొంత తగ్గుతున్నట్టు చాలా పరిశీలనల్లో కనపడింది, ఎముక మిగలడం విషయంలో మాత్రం ఫలితాలు ఒక్కోచోట ఒక్కోలా ఉన్నాయి. పెట్టించుకోండి, తప్పు లేదు, కానీ స్టెమ్ సెల్ ట్రీట్‌మెంట్ అని చెప్పి దానికి తగ్గట్టు డబ్బు అడిగితే మాత్రం ఒప్పుకోకండి.

ఎముక తగ్గుతుంది అన్న మాట మాత్రం నిజమే. పన్ను తీయగానే గుంట రక్తంతో నిండి గడ్డ కడుతుంది, వారం తిరిగేసరికి ఆ గడ్డలోకి చిన్న చిన్న రక్తనాళాలు అల్లుకుంటాయి, మూడు నుంచి ఐదు వారాల్లో పైన చిగురు మూసుకుంటుంది, రెండు నెలలకల్లా లోపల లేత ఎముక నిండుతుంది, అది గట్టిపడటానికి ఇంకా నెలలు పడుతుంది. ఈలోగా గుంటకి బయటి వైపున ఉండే పల్చటి ఎముక గోడ కరిగిపోతుంది, ఎందుకంటే ఆ గోడ లోపలి పొర బతికేదే పంటిని పట్టుకుని ఉండే లిగమెంట్ మీద ఆధారపడి, పన్ను పోయాక దానికి పోషణ ఉండదు. ఏడాదిలో అక్కడి దవడ ఎముక వెడల్పు దాదాపు సగం దాకా తగ్గొచ్చు, అందులో మూడింట రెండు వంతులు మొదటి 3 నెలల్లోనే పోతుంది. ఇంప్లాంట్ వేసే డాక్టర్ల కంగారంతా దీని గురించే.

షుగర్ ఉన్నా పన్ను తీయించుకోవచ్చు, ముందు హెచ్‌బిఎ1సి (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) చేయించండి, ఎక్కువగా ఉంటే తొందర లేని పన్ను అయితే కొన్నాళ్లు ఆగి అదుపులోకి తెచ్చుకున్నాక తీయించడం మంచిది. ఆ రోజు ఖాళీ కడుపుతో పంపకండి, డాక్టర్ వేరేలా చెప్తే తప్ప మాత్రలు కూడా మామూలుగానే వేసుకోవాలి. అమ్మగారి పుండు మానడానికి ఏ జెల్లీ కన్నా షుగర్ అదుపులో ఉండటమే ఎక్కువ ముఖ్యం అని నేను గట్టిగా చెప్తాను.

ప్రశ్న: మరి అసలు స్టెమ్ సెల్స్ అంటే ఏవి సార్? పంటి గుంటలో మనుషులకి ఎవరైనా పెట్టి చూసారా?

జవాబు: చూసారండీ. స్టెమ్ సెల్స్ అంటే ఎముక లాంటి వేరే రకం కణాలుగా మారగలిగే మూలకణాలు. ముందు అవి ఎక్కడ ఉంటాయో చెప్తాను. పీకి పారేసే జ్ఞానదంతాల లోపలి గుజ్జులో, అంటే పల్ప్‌లో, ఇలాంటి కణాలున్నాయని 2000లో అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్‌లో గ్రాంథోస్, షి అనే శాస్త్రవేత్తలు చూపించారు, 2003లో పాలపళ్లలో కూడా దొరికాయి. తుంటి ఎముక మజ్జలో ఉన్న సంగతి అంతకుముందు నుంచే తెలుసు. వాటిని వేరుచేసి, చాలాసార్లు ల్యాబ్‌లో కొన్ని వారాలు పెంచి, కొలాజెన్ స్పాంజ్ లాంటి దాని మీద వేసి గుంటలో పెడతారు. పెట్టిన కణాలన్నీ ఎముకగా మారిపోతాయని చాలామంది అనుకుంటారు గానీ వాటిలో ఎక్కువ భాగం కొద్దిరోజుల్లోనే చనిపోతాయి, చనిపోయేలోపు విడుదల చేసే పదార్థాల వల్లే రక్తనాళాలు పెరగడం, వాపు తగ్గడం, అక్కడి సొంత కణాలు పనిలోకి దిగడం జరుగుతుందని ఇప్పుడు ఎక్కువమంది నమ్ముతున్నారు.

ఇక ఫలితాలు. ఇటలీలో ఒక బృందం పై జ్ఞానదంతాల పల్ప్ కణాల్ని కింది జ్ఞానదంతం తీసిన చోట పెట్టి 2009లో మంచి ఎముక వచ్చిందని రాసారు, మూడేళ్లయ్యాక మళ్లీ చూస్తే అక్కడ మామూలుగా ఉండాల్సిన స్పాంజి ఎముక బదులు గట్టి ఎముక ఉంది. 2013లో మిచిగన్ యూనివర్సిటీ వాళ్లు 24 మందిలో తుంటి మజ్జ కణాలతో చేసి ఎముక తొందరగా పెరిగిందన్నారు. కానీ 2018లో స్పెయిన్‌లో ఒకే మనిషికి ఒక పక్క కణాలు పెట్టి ఇంకో పక్క పెట్టకుండా పోల్చి చూస్తే రెండు పక్కలకీ తేడా కనపడలేదు. నాకిది ఆశ్చర్యంగా అనిపించలేదు, ఆరోగ్యంగా ఉన్న మనిషి దవడ దానంతటదే బాగా మానుతుంది కదా, అక్కడ ఇంకా బాగుచేయడానికి మిగిలేది తక్కువే.

నాకు నిజంగా ఆశ ఉన్నది వేరేవాళ్ల విషయంలో. క్యాన్సర్‌కి దవడ మీద రేడియేషన్ తీసుకున్నవాళ్లు, ఎముకలకి జోలెడ్రోనిక్ యాసిడ్ లాంటి ఇంజెక్షన్లు వాడినవాళ్లు, వీళ్లలో కొందరికి పన్ను తీసాక గుంట నెలల తరబడి మూసుకోక ఎముక బయటపడి చాలా బాధపడతారు. వాళ్లకి మజ్జ కణాలు పెట్టి కొద్దిమందిలో మంచి ఫలితం చూసారు, సంఖ్య ఇంకా చిన్నది. డబ్బూ శ్రమా ఇక్కడ పెట్టాలని నా కోరిక. మీరు ఆ ఇంజెక్షన్లు ఎప్పుడైనా తీసుకుని ఉంటే పన్ను తీసే ముందే డాక్టర్‌కి చెప్పండి, ఆపేసి ఏళ్లయినా సరే చెప్పండి.

ప్రశ్న: మా బాబు పాలపళ్లు ఊడుతున్నాయండి, వాటిని దాచిపెట్టమని స్కూల్లో కూడా అంటున్నారు. స్టెమ్ సెల్ బ్యాంక్‌లో దాచమంటారా?

జవాబు: నేనైతే దాచమని చెప్పను. దాచిన పంటి కణాలతో చేసే, అందరూ ఒప్పుకున్న మామూలు చికిత్స ఇప్పటికి ఒక్కటీ లేదు. పైగా దానంతటదే ఊడి చేతిలో పడిన పంటిలో బతికున్న పల్ప్ చాలాసార్లు మిగలదు.

ప్రశ్న: పన్ను తీయించుకుని మూడో రోజు, మొదట్లో బానే ఉంది, నిన్నట్నుంచి చెవిదాకా ఒకటే పోటు, నోట్లో వాసన. సిగరెట్ అలవాటు ఉంది. దీనికి స్టెమ్ సెల్ ఇంజెక్షన్ ఏదైనా ఉందా?

జవాబు: లేదు, మీకు అది అవసరం కూడా లేదు. ఇది డ్రై సాకెట్‌లా ఉంది, గుంటలో రక్తపు గడ్డ ఊడిపోయి ఎముక తెరుచుకుంటే ఇలాగే రెండు నుంచి నాలుగు రోజుల మధ్య నొప్పి ఎక్కువవుతుంది. ఈరోజే డెంటిస్ట్ దగ్గరికి వెళ్లండి, సెలైన్‌తో కడిగి మందు డ్రెస్సింగ్ పెడితే చాలామందికి అదే రోజు హాయిగా ఉంటుంది. యాంటీబయోటిక్ మీ అంతట మీరు కొనుక్కుని వేసుకోవద్దు. సిగరెట్ ఈ పుండు మానేదాకా అయినా ముట్టుకోకండి, స్ట్రా వద్దు, గట్టిగా ఉమ్మడం వద్దు. జ్వరం వచ్చినా, దవడ కింద వాపు దిగుతున్నా, నోరు తెరుచుకోకపోయినా, మింగడం కష్టమైనా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా నేరుగా ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లిపోండి.