కలుషిత చిత్రాలా, కాలుష్య చిత్రాలా?

సందేహం: మాది విజయనగరం. మురుగు చేరిన చెరువులు, చెత్తకుప్పలు, తవ్వి వదిలేసిన మాంగనీసు గుంతలు బొమ్మలుగా వేసి ప్రదర్శన పెడుతున్నాం. కార్డు మీద 'కలుషిత చిత్రాలు' అని వేయించబోతే మా డ్రాయింగ్ మాస్టారు తప్పన్నారు. ఇంకొకాయన 'పాడుబడ్డ చెరువుల బొమ్మలు' అనమన్నారు. ఏది ఒప్పు?

సమాధానం: మాస్టారిదే ఒప్పు. విశేషణం పక్కనున్న నామాన్నే పట్టుకుంటుంది. 'కుళ్లిన పళ్ల బొమ్మ'లో కుళ్లినవి పళ్లు. మధ్యలో 'పళ్ల' తీసేస్తే మిగిలేది 'కుళ్లిన బొమ్మ'! మీ కార్డులో జరిగింది అదే. పైగా కలుషమంటే పాపం కూడా. కార్డు చూసినవాళ్లు పిల్లల్ని ఇంట్లో వదిలేసి వస్తారు.

'కాలుష్య చిత్రాలు' అని వేయించండి. 'కాలుష్యత' మాత్రం వద్దు. మధుర నుంచి మాధుర్యం వచ్చినట్టే కలుష నుంచి కాలుష్యం వచ్చింది, మళ్లీ 'త' తగిలించడం దండగ.

ఇక రెండో ఆయన మాట. పాడుబడ్డ చెరువు వేరు, పాడైన చెరువు వేరు. మనుషులు వాడటం మానేసి వదిలేస్తే పాడుబడుతుంది: పాడుబడ్డ కోట, పాడుబడ్డ బావి. ఆ బావిలో నీళ్లు తేటగానే ఉండొచ్చు. ఊరి మధ్యనే ఉండి, రోజూ మురుగు కలుస్తుంటే అది పాడైన చెరువు. మీ గుంతలు పాడుబడ్డవి, చెరువులు పాడైనవి.

బొమ్మల్లో గెడ్డ ఏదైనా ఉంటే కింద 'మురికి కాలువ' అని రాయకండి. గెడ్డంటే మన వైపు కొండల్లోంచి దిగే ఏరు. సాలూరు వైపు పెద్దగెడ్డ ఇప్పటికీ ఏరే. విశాఖలో మాత్రం గెడ్డంటే మురుగు కాలువే అనుకుంటారు, టెన్షన్ పడాల్సింది మాట గురించి కాదు, నీటి గురించి.

ఒక్క సందర్భంలో మీ మొదటి పేరూ చెల్లుతుంది: బొమ్మకు వాడిన రంగే కలుషితమైనప్పుడు. అమెరికాలోని ఒహాయోలో జాన్ సబ్రా అనే చిత్రకారుడు, పాత బొగ్గు గనుల నుంచి వాగుల్లోకి కారే నీటిలోని ఇనుప తుప్పు, అంటే ఐరన్ ఆక్సైడ్‌తో తయారైన రంగులతో బొమ్మలు వేస్తారు. మన జేగురుకు ఎరుపునిచ్చేదీ ఐరన్ ఆక్సైడే. అక్కడ దాన్ని శుద్ధి చేశాకే రంగుగా మారుస్తారు కాబట్టి, వాటిని కలుషిత చిత్రాలనలేం. మీరు చెరువు బురదనే తెచ్చి కాన్వాసుకు పూసి ఉంటే మాత్రం, మాస్టారికి నమస్కారం పెట్టి పాత కార్డే అచ్చుకివ్వండి.